ఇంటింటి సినిమా - నెలనెలా చందా

ఈమధ్య మనవాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా, అది పెళ్ళి కానీయండి, సంఘం వారి ఉగాది వేడుక కానీయండి, కుశలప్రశ్నలు అయ్యాక వచ్చే రెండో మాట "మీ ఇంట్లో ఏది పెట్టించుకున్నారు?" అని. వెనకటికి ఈ ప్రశ్న కేబుల్ గురించి అడిగేవారు. ఇప్పుడు ఓ.టి.టి. గురించి. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్, ఆహా, జియోహాట్‌స్టార్, జీ5, సన్ నెక్స్ట్, ఈటీవీ విన్... పేర్లు వింటుంటే రైల్వేస్టేషన్‌లో మైకు విన్నట్టే ఉంటుంది.

డబ్బు కట్టేది మనం. మరి కట్టినవాళ్ళు ఏమనుకుంటున్నారు? ఈ మూడు నెలల్లో అడగగలిగిన చోటల్లా అడిగాను. బెంగళూరులో మా వీధివాళ్ళు, హోసూరులో మా ఆడపడుచు, బరంపురంలో మా అక్క, బావగారు, సోలాపూర్‌లో మా పిన్ని, యానాంలో ఒక మాస్టారు. ఇదేం సర్వే కాదు, శాతాలూ పట్టికలూ లేవు. సినిమా చూసే ఇళ్ళలోని మాటలు, అంతే.

కొంచెం వెనక్కి వెళ్తే గానీ ఈ చందాల సంగతి బోధపడదు. 1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో రంగుల టి.వి. వచ్చింది. ఆ వెనకే వి.సి.ఆర్. కొనే స్తోమత అందరికీ ఎక్కడిది? శనివారం సాయంత్రం వి.సి.ఆర్., దానితో మూడు కేసెట్లు అద్దెకి తెచ్చుకుని, పక్కింటివాళ్ళని కూడా పిలుచుకుని తెల్లవారేదాకా చూసేవాళ్ళం. మా వీధి మలుపులో ఒక కేసెట్ల లైబ్రరీ ఉండేది. నెల్లూరాయన నడిపేవాడు. డిపాజిట్టు కట్టి పేరు రాయించుకుంటే రోజుకి పది రూపాయలు అద్దె. రివైండు చెయ్యకుండా తిరిగి ఇస్తే రెండు రూపాయలు జరిమానా. ఆయన నోటుబుక్కులో మా ఇంటి అభిరుచులన్నీ ఉండేవి. మామగారికి పౌరాణికాలు, అత్తగారికి సావిత్రి, మావారికి కృష్ణ. "అమ్మా, ఇది మీకొద్దులెండి, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు" అని ఇచ్చిన కేసెట్టు తనే వెనక్కి తీసుకున్న రోజులున్నాయి. ఇప్పుడు తెరమీద "మీకు నచ్చేవి" అంటూ ఒక వరస కనిపిస్తుంది చూశారూ, ఆ పని ఆయన కాగితం, పెన్సిలుతో చేసేవాడు. నా మటుకు నాకు ఆయన లెక్కే బాగా కుదిరేదనిపిస్తుంది!

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. బయటి రాష్ట్రాల్లో ఉన్న మనకి అదొక పండుగ. దాంతో కేసెట్ల కొట్లు పలచబడ్డాయి. తరువాత వి.సి.డి.లు, డి.వి.డి.లు. మోజర్ బేర్ కంపెనీ సినిమాల వ్యాపారంలోకి దిగి వి.సి.డి. 28 రూపాయలకీ, డి.వి.డి. 34 రూపాయలకీ అమ్మడంతో అద్దెకి తెచ్చుకోవడం కన్నా కొనుక్కోవడమే నయమైంది. బరంపురం బావగారి బీరువా నిండింది ఆ రోజుల్లోనే.

అప్పుడే బెంగళూరులో ఇంకో పద్ధతి వచ్చింది. సెవెంటీ ఎం.ఎం. వంటి సంస్థలు నెల చందా తీసుకుని డిస్కులు ఇంటికి పంపేవి. మనం కంప్యూటర్లో ఒక జాబితా రాసిపెట్టుకోవాలి. అందులోంచి వరసగా కుర్రాడు తెచ్చి ఇచ్చేవాడు. చూసి తిరిగి ఇస్తే తరువాతది. అలాంటి ఒకదానిలో మేమూ ఏడాదిపాటు ఉన్నాం. ఇంగ్లీషు, హిందీ సినిమాలు కావలసినన్ని. తెలుగువి మాత్రం అడగగా అడగగా నెలకొకటి దొరికేది. ఆ మాట ఫోనులో అంటే "ఇక్కడ తెలుగు చూసేవాళ్ళు ఎంతమంది మేడమ్?" అన్నారు. బెంగళూరులో ఈ మాట! నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

డిస్కుల చందాకి అసలు పుట్టినిల్లు అమెరికా. అక్కడ పిల్లలున్న ఇళ్ళవారికి ఆ ఎర్ర కవరు గుర్తుండే ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ మొదట పోస్టులో డిస్కులు పంపే కొట్టే. 1997లో కాలిఫోర్నియాలో పుట్టి, 1998 నుంచి డి.వి.డి.లు అద్దెకి పంపింది. 1999లో నెల చందా పెట్టింది. ఎన్నాళ్ళు ఉంచుకున్నా ఆలస్య రుసుము లేదు. 2007లో ఇంటర్నెట్టు మీద నేరుగా చూపించడం మొదలుపెట్టింది. అంతవరకు బాగానే ఉంది. 2011 జులైలో, అప్పటిదాకా పది డాలర్ల లోపు రెండూ కలిపి ఇచ్చిన చందాని విడదీసి, డిస్కులకి 7.99 డాలర్లు, నేరుగా చూడడానికి 7.99 డాలర్లు అంది. రెండూ కావాలంటే 15.98. ఇది చాలదన్నట్టు సెప్టెంబరులో డిస్కుల విభాగానికి క్విక్‌స్టర్ అని వేరే పేరు పెట్టి వేరు చేస్తామంది. చందాదారులు మండిపడ్డారు. ఆ మూడు నెలల్లోనే అమెరికాలో 8 లక్షల చందాలు తగ్గాయి. అక్టోబరులో ఆ కొత్త పేరు ఆలోచన మానుకున్నారు గానీ ధర మాత్రం దిగలేదు. చివరికి 2023 సెప్టెంబరు 29న ఆఖరి డిస్కు పంపించి ఆ శాఖ మూసేశారు. అప్పటికి చేతిలో ఉన్న డిస్కులు తిప్పి పంపనక్కరలేదు, ఉంచేసుకోండి అన్నారు.

ఇంటర్నెట్టు అరచేతిలోకి వచ్చాక కూడా అక్కడివాళ్ళు కొందరు పాతికేళ్ళ నాటి కవరుని ఎందుకు పట్టుకు వేలాడారు? కారణం ఉంది. అమెరికా చట్టం ప్రకారం ఒకసారి కొన్న డిస్కుని ఎవరి అనుమతీ అడగకుండా అద్దెకి ఇచ్చుకోవచ్చు. కాబట్టి డిస్కుగా వచ్చిన ప్రతి సినిమా కొట్లో పెట్టవచ్చు. నేరుగా చూపించాలంటే అలా కాదు. నిర్మాతతో ఒప్పందం కావాలి, దానికొక గడువు ఉంటుంది. గడువు తీరితే సినిమా వెళ్ళిపోతుంది. (మన దేశంలో వ్యాపారంగా అద్దెకిచ్చే హక్కు కూడా సినిమా హక్కుదారుదే. మన కేసెట్ల కొట్లవాళ్ళు పోలీసులంటే ఉలిక్కిపడేవారంటే ఊరికే కాదు.)

ఈ సంగతి తెలిశాక మనం దేనికి డబ్బు కడుతున్నామో అర్థమవుతుంది. సినిమాకి కాదు, గుమ్మంలోకి రానిచ్చినందుకు. లోపల ఏం ఉంటుందో, ఎన్నాళ్ళుంటుందో మనచేతిలో లేదు. మనలాంటి వాళ్ళకి దీనికి తోడు ఇంకొకటి ఉంది. లోపల ఉన్న తెలుగు సినిమా తెలుగులోనే ఉందా అనేది.

నవ్వకండి. "ఆర్.ఆర్.ఆర్." 2022 మార్చి 25న థియేటర్లలోకి వచ్చింది. మే 20న ఇళ్ళలోకి వచ్చినప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది హిందీ మాటలతో. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం జీ5లో. ప్రపంచమంతా ఆ సినిమాని మెచ్చుకున్న రోజుల్లో చాలా దేశాలవాళ్ళు తమ ఇళ్ళలో విన్నది హిందీ మాటలే. హక్కులు భాషలవారీగా వేరువేరుగా అమ్ముతారు కాబట్టి ఇలా జరుగుతుంది. హైదరాబాదులో ఉన్నవాళ్ళకి ఇదొక చిన్న చిరాకు. మనకి అంతటితో పోదు.

సోలాపూర్ పిన్ని చెప్పిన మాట వినండి. వాళ్ళు చేనేత పనిమీద అక్కడికి వెళ్ళి మూడు తరాలైంది. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బళ్ళో ఇంగ్లీషు. పదేళ్ళ మనవడికి అల్లు అర్జున్ అంటే ప్రాణం. "వాడు నాకు సినిమా కథంతా చెప్పాడమ్మా, హిందీలో! ఇదేమిట్రా, అది మన తెలుగు సినిమా కదా అంటే, లేదు నానమ్మా, హిందీయే అని నాతో పోట్లాట" అంది. జరిగిందేమిటంటే, ఇంట్లో ఎవరో ఒకసారి హిందీ పెట్టి చూశారు. అక్కడినుంచి ఏ సినిమా పెట్టినా తెర ముందు హిందీయే వినిపిస్తోంది. పిన్నికి ఆ మార్చే చోటు తెలియదు, తెలిసినవాళ్ళకి తీరిక లేదు. నేను ఫోనులోనే చెప్పాను. సినిమా నడుస్తుండగా రిమోటు నొక్కితే కింద "ఆడియో" అనో, మాటల బుడగ బొమ్మో కనిపిస్తుంది. అక్కడ తెలుగు ఎంచుకోవాలి. చాలావాటిలో ఒక్కొక్కరికీ వేరే పేరుతో గది తెరుచుకోవచ్చు. పిన్ని పేరుతో ఒకటి తెరిపించి, దాని భాష తెలుగు చేయించాం. ఇప్పుడు మనవడు పిన్ని గదిలోనే చూస్తున్నాడట. "వాడికి కొన్ని మాటలు తెలియడంలేదు, అడుగుతున్నాడు" అంది. ఆ అడగడం కోసమే నెలకి ఎంతైనా కట్టవచ్చని నా ఉద్దేశం.

హోసూరు ఆడపడుచుది ఇందుకు పూర్తిగా వేరే అనుభవం. ఆవిడ కోడలు కన్నడం అమ్మాయి. పెళ్ళైన కొత్తలో తెలుగు సినిమా పెడితే ఆ పిల్ల మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్ళేదట. ఇప్పుడు కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తుంటే కూర్చుని చూస్తుంది, జోకులకి అందరికన్నా ముందు నవ్వుతుంది (అక్షరాలు మాటకన్నా ముందే పడతాయి కదా). కేసెట్టులోగానీ, 28 రూపాయల వి.సి.డి.లోగానీ ఈ సౌకర్యం ఎక్కడిది? కానీ ఆడపడుచు కోరిక ఇంకొకటి. "ఇంగ్లీషు అక్షరాలు వేసినట్టే తెలుగు అక్షరాలు కూడా వేస్తే ఏం పోయింది వదినా? మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మాట వింటూ అక్షరం చూస్తే అదే వచ్చేస్తుంది కదా" అంది. ఇది విని నాకు ఒళ్ళు పులకరించింది. తమిళనాడులో, మహారాష్ట్రలో, ఒడిశాలో బళ్ళో తెలుగు దొరకని పిల్లలకి ఇంతకన్నా సులభమైన పలక ఏముంది? వినడానికి చిన్న కోరికే. డబ్బు కడుతున్న చందాదారులుగా అడిగే హక్కు మనకుంది. ఈ సంస్థలన్నిటికీ సలహాలు పంపే చోటు ఉంటుంది. ఒక ఇల్లు రాస్తే పట్టించుకోకపోవచ్చు. సంఘాల తరఫున వందల ఇళ్ళు రాస్తే సంగతి వేరు.

ఇక పాత సినిమాలు. ఇక్కడ అందరిదీ ఒకే గోడు. కొత్తవి వెల్లువలా వస్తున్నాయి. 2020లో లాక్‌డౌనులో థియేటర్లు మూసినప్పుడు నాని, సుధీర్‌బాబుల "వి" సెప్టెంబరు 5న నేరుగా ఇళ్ళకే వచ్చింది. "కలర్ ఫోటో" అక్టోబరులో ఆహాలో వచ్చింది. ఆ ఏడాది ఉగాదికే, మార్చి 25న, తెలుగుకే ప్రత్యేకమంటూ ఆహా మొదలైంది. హైదరాబాదువాళ్ళూ, బరంపురంవాళ్ళూ ఒకే రోజు, ఒకే గంటకి ఒకే సినిమా చూడడం మన జీవితాల్లో అదే మొదలు. "మొట్టమొదటిసారి మా హైదరాబాదు తోడికోడలికి కథ నేను చెప్పాను" అంది మా అక్క గర్వంగా.

కానీ 1950లు, 60ల నాటి సినిమాలో? యానాం మాస్టారి సంగతి చెబుతాను. యానాం చుట్టూ ఆంధ్రదేశమే, పాలన మాత్రం పుదుచ్చేరిది. కాబట్టి తెలుగు దొరకని బాధ ఆయనకి లేదు. ఆయన బాధల్లా సావిత్రి. ఆవిడ నటించిన "చివరకు మిగిలేది" (1960) మళ్ళీ ఒకసారి చూడాలని మూడు చందాలు కట్టి మూడింట్లోనూ వెతికారు. దొరకలేదు. వెతికితే ఆ పేరుకి దగ్గరగా ఉన్న ఏవో కొత్త సినిమాలు చూపించిందట. "కొట్టువాడు లేదు అని చెప్పేస్తే వెళ్ళిపోతాం. ఇది లేదు అనదు, ఇంకోటి చూడండి అంటుందండీ" అన్నారు మాస్టారు.

పాతవాటికి ఇప్పుడు యూట్యూబే దిక్కు. ఒకప్పుడు కేసెట్ల అట్టల మీద చూసిన వోల్గా వీడియో, షాలిమార్ వంటి పేర్లే అక్కడ కనిపిస్తాయి. చందా లేదు, మధ్యలో ప్రకటనలుంటాయి. బొమ్మ కొన్నిటిలో అద్దంలా ఉంటుంది, కొన్నిటిలో వానలో చూసినట్టుంటుంది. పాటలు ఎగిరిపోయినవీ ఉన్నాయి. "మాయాబజార్" (1957) వంటి అదృష్టవంతులు తక్కువ. దానికి రంగులద్ది, శబ్దం బాగుచేసి 2010 జనవరి 30న మళ్ళీ విడుదల చేశారు. మిగతావాటికి అంత ఖర్చు ఎవరు పెడతారు? చూసేవాళ్ళు లెక్కలో కనబడితే గానీ పెట్టరు. బరంపురం బావగారు తన బీరువాలోని డిస్కులు ఎవరికీ ఇవ్వకపోవడంలో అర్థముంది. ప్లేయరు మాత్రం పాడైంది. బాగుచేసేవాడి కోసం మూడు నెలలు ఊరంతా తిరిగి చివరికి కొత్తది తెప్పించారు. డిస్కులు బిరడా పెట్టిన సీసా కాదు, వాటికీ చెమ్మ, గీతలు ఉన్నాయని ఆయనకి చెప్పి చూశాను. "నీ నెట్టు పోయిన రోజున నా దగ్గరికే వస్తావు" అన్నారు.

ధరల సంగతి. నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి 2016 జనవరిలో వచ్చినప్పుడు నెలకి కనీసం 500 రూపాయలు. 2021 డిసెంబరులో తగ్గించి ఫోనుకి మాత్రమే అయితే 149, మామూలుది 199, పైవి 499, 649 చేశారు. అదే నెలలో అమెజాన్ ప్రైమ్ ఎదురుగా పెంచింది. మొదట్లో ఏడాదికి 499 ఉన్నది 999 అయి, అప్పుడు 1499 అయింది. 2025 జూన్ నుంచి అందులో ప్రకటనలు కూడా వచ్చాయి, అవి వద్దనుకుంటే అదనంగా కట్టాలి. ఆహా తొలి రోజుల్లో రోజుకో రూపాయి లెక్కన ఏడాదికి 365. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద మొత్తం కాదు. నలుగురం బెంగళూరు మల్టీప్లెక్సులో పెద్ద హీరో సినిమా మొదటివారం చూస్తే రెండువేలు ఎగురుతాయి. కానీ నాలుగైదు చందాలు కలిస్తే పాలబిల్లంత అవుతుంది. పైగా ప్రైమ్ 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో సినిమాలు విడిగా అద్దెకి కూడా ఇస్తోంది. డబ్బు కట్టాక మొదలుపెట్టడానికి 30 రోజులు, మొదలెట్టాక ముగించడానికి సాధారణంగా 48 గంటలు. చూశారా, నెల్లూరాయన అద్దె మళ్ళీ వచ్చింది, రివైండు జరిమానా ఒక్కటే లేదు!

అన్నిటికన్నా మా అక్కని నొప్పించింది ఇంకోటి. అబ్బాయి పూనాలో ఉద్యోగం. వాడి చందాతోనే బరంపురంలో అమ్మానాన్నలు కూడా చూసేవారు. ఒకరోజు తెరమీద "ఈ టి.వి. ఈ ఇంటిది కాదు" అన్న అర్థంలో ఒక నోటీసు వచ్చింది. ఒక చందా ఒక ఇంటికే అని ఆ సంస్థ కొత్త కట్టడి. వ్యాపారం వారిది, షరతు పెట్టుకునే హక్కు వారిది, కాదనలేం. కానీ అక్క ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "రేషన్ కార్డులో వాడి పేరు ఇంకా మా ఇంట్లోనే ఉంది. వాడు మా ఇంటివాడు ఎలా కాకుండా పోయాడే?" అంది. పూనా, బెంగళూరు, చెన్నై అంటూ పిల్లలు నాలుగు దిక్కులా ఉన్న మన ఇళ్ళని ఆ లెక్క తయారుచేసినవాళ్ళు ఊహించి ఉండరు.

చందా ఆపడం తెలియక కట్టుకుంటూ పోతున్నవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. వారికోసం రెండు ముక్కలు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2021 అక్టోబరు 1 నుంచి, కార్డు నుంచి తనంతట తానే డబ్బు వెళ్ళే చందాలకి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మీకు సమాచారం పంపాలి. ఆ ఎస్.ఎం.ఎస్.లు చదవకుండా చెరిపేయకండి, వద్దనుకుంటే అప్పుడే ఆపవచ్చు. చేరడం సులువు చేసి మానడం కష్టం చేసే పద్ధతిని 2023 నవంబరు 30 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో అనుచిత పద్ధతుల్లో ఒకటిగా చేర్చారు. ఆపినా డబ్బు పోతుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయవచ్చు.

ఇంతమందినీ అడిగాక మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఏడాది పొడుగునా ఉండేది తెలుగు చందా ఒక్కటే. మిగతావి ఒక్కో నెలకి ఒక్కోటి, ఆ నెలలో చూడదలచినవి ముందే కాగితం మీద రాసుకుని, చూడడం అయ్యాక ఆపేస్తున్నాం. పాతవాటికి యూట్యూబు, అదీ కాకపోతే బావగారి బీరువా.

అన్నట్టు యానాం మాస్టారు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. మన పాఠకుల్లో ఎవరి ఇంట్లోనైనా "చివరకు మిగిలేది" అసలు డిస్కుగానీ కేసెట్టుగానీ పాటలతో సహా ఉంటే సంఘం కార్యాలయానికి ఒక కార్డు ముక్క రాయండి. కేసెట్టయినా ఫరవాలేదట, కాకినాడలో ఎవరి దగ్గరో పనిచేసే వి.సి.ఆర్. ఉందని కనుక్కున్నారు.